చచ్చిన గొడ్డుకి ధర కట్టండి



పోయిన వారం రాత్రి పదిన్నరకి అరకు నుంచి ఒక చెల్లెలు ఫోన్ చేసింది. డిగ్రీ చదువుతోంది. వాళ్లది డుంబ్రిగూడ వైపు కొండమీద ఊరు.

"అన్నా, నన్నొక కాన్ఫరెన్స్‌కి రమ్మన్నారు. జంతు సంక్షేమానికి డబ్బులిచ్చేవాళ్లంతా ఒకచోట కూర్చుంటారంట. పది నిమిషాలు మాట్లాడమన్నారు."

మంచిదే కదమ్మా అన్నాను.

"మంచిదేనన్నా. వాళ్లు పంపిన టాపిక్ చదువుతాను, విను" అని చదివింది. గిరిజన ప్రాంతాల్లో జంతువుల పట్ల క్రూరత్వం, దాన్ని తగ్గించే మార్గాలు. ఇటుకల పండగ వేట ఫోటోలుంటే తీసుకురమ్మన్నారట. మోదకొండమ్మ జాతరవైనా పర్వాలేదన్నారట.

"ఏం మాట్లాడాలన్నా?"

నాకు వెంటనే జవాబు రాలేదు. వెళ్లొద్దని చెప్పడం తేలిక. మనవాళ్లలో చాలామంది అదే చెబుతారు. కుక్కలకి, కోతులకి డబ్బులిచ్చేవాళ్ల దగ్గర మనకేం పని అంటారు. నేను మాత్రం వెళ్లమనే చెప్పాను. వెళ్లి ఏం మాట్లాడాలో రెండు రోజులు ఆలోచించాను. ఆ చెల్లెలికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ఒక మాట ముందే ఒప్పుకోవాలి. నేను ఆదివాసీని కాను. కోనసీమ మాదిగపేటలో పుట్టినవాణ్ణి. కొండ తరఫున మాట్లాడే హక్కు నాకు లేదు. చచ్చిన గొడ్డు గురించి మాట్లాడే హక్కు మాత్రం పుట్టుకతోనే వచ్చింది.

ముందు ఈ డబ్బులిచ్చేవాళ్లు ఎవరో చూద్దాం. అమెరికాలో యానిమల్ గ్రాంట్‌మేకర్స్ అని ఒక వేదిక ఉంది. జంతు సంరక్షణకి నిధులిచ్చే ఫౌండేషన్లు అందులో కలుస్తాయి, సమావేశాలు పెట్టుకుంటాయి. వీధికుక్కలకి ఆపరేషన్లు, అడవి జంతువులు, కోళ్ల ఫారాల మీద ప్రచారాలు, కోర్టు కేసులు... దేనికి ఎంత ఇవ్వాలో అలాంటి గదుల్లోనే మాట్లాడుకుంటారు. మన దేశంలో ప్రభుత్వం కూడా దాతే. రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో పట్టుబట్టిన ఫలితంగా 1960లో జంతు హింస నివారణ చట్టం వచ్చింది. 1962లో జంతు సంక్షేమ బోర్డు ఏర్పడింది. ఆమే మొదటి అధ్యక్షురాలు. గుర్తింపు ఉన్న సంస్థలకి, గోశాలలకి ఈ బోర్డు గ్రాంట్లు ఇస్తూ వచ్చింది.

వీళ్లు చేసేదంతా తప్పని నేను అనను. దేశంలో గుడ్ల ఉత్పత్తిలో మన ఆంధ్రప్రదేశ్‌దే పెద్ద చెయ్యి. ఆ గుడ్లు పెట్టే కోళ్లు ఎలా బతుకుతాయో గోదావరి జిల్లాల్లో ఫారం షెడ్డులోకి వెళ్లి చూడండి. ఒక్కో కోడికి ఏ4 కాగితం అంత జాగా కూడా ఉండదు. రెక్క విప్పకుండానే దాని జీవితం అయిపోతుంది. 2017లో లా కమిషన్ కూడా ఆ పంజరాల మీద నివేదిక ఇచ్చింది. దాని మీద డబ్బు పెట్టి కొట్లాడేవాళ్లుంటే వాళ్లకి నా జై భీమ్. డుంబ్రిగూడ కొండమీద గుడిసె చుట్టూ తిరిగే కోడికి ఆ బాధ లేదు. పగలంతా పురుగులు ఏరుకుంటుంది, రాత్రికి గంప కిందికి చేరుతుంది. మరి క్రూరత్వం అనే టాపిక్ ఫారం ఓనర్‌కి వెళ్లకుండా ఈ చెల్లెలికెందుకు వచ్చింది?

అసలు సంగతి ఇక్కడుంది. బలిసినవాడి క్రూరత్వం గోడల వెనక ఉంటుంది. దాన్ని పరిశ్రమ అంటారు. పేదవాడిది సంతలో, జాతరలో, పదిమంది ఎదుట ఉంటుంది. దాన్ని ఆచారం అంటారు. ఫోటో తీయడానికి రెండోదే వీలు.

ఆ గదుల్లో పుట్టిన మాట కొండదాకా ఎలా వస్తుందో ఒక ఉదాహరణ చెబుతా.

నేపాల్‌లో గఢీమాయి జాతర జరుగుతుంది. దున్నపోతుల్ని వేలల్లో బలిస్తారు. మన దేశం నుంచి అక్కడికి పశువులు తరలకుండా ఆపమని జంతు సంక్షేమ కార్యకర్తలు సుప్రీంకోర్టుకి వెళ్లారు. 2015లో కోర్టు ఆదేశాలిచ్చింది. ఆ దారి పట్టుకుని కేంద్రం 2017 మే 23న పశువుల సంతల రూల్స్ తెచ్చింది. కోతకి అమ్మడం లేదని రాతపూర్వకంగా ఇస్తే తప్ప సంతలో ఆవునీ ఎద్దునీ గేదెనీ అమ్మకూడదన్నారు. దేశమంతా గొడ్డుమాంసం గురించి వాదించుకుంది. మనమూ వాదించాం. ఆ గోలలో ఇంకో రూల్ ఎవరికీ పెద్దగా కనబడలేదు. రాష్ట్ర సరిహద్దుకి 25 కిలోమీటర్ల లోపల పశువుల సంత పెట్టకూడదు.

ఇప్పుడు మ్యాప్ తీయండి. డుంబ్రిగూడ, పెదబయలు, ముంచంగిపుట్టు... అన్నీ ఒడిశాని ఆనుకున్న మండలాలే. అరకు నుంచి గీత గీసినా ఒడిశా 25 కిలోమీటర్ల లోపే. ఆ రూల్ నిలబడి ఉంటే ఈ అంచున ఒక్క పశువుల సంతా మిగిలేది కాదు. పిల్ల పెళ్లికో, ఆసుపత్రి ఖర్చుకో ఎద్దుని అమ్ముకోవాలంటే దాన్ని తోలుకుని కొండ దిగాల్సి వచ్చేది. అదే ఏడాది మే 30న మద్రాసు హైకోర్టు మదురై బెంచ్ స్టే ఇచ్చింది. జూలై 11న సుప్రీంకోర్టు దాన్ని దేశమంతటికీ వర్తింపజేసింది. అలా బతికిపోయాం.

అది రాసినవాళ్లు అరకు ఆదివాసీని ముంచాలని రాశారని నేననుకోను. వాళ్ల తలలో నేపాల్ సరిహద్దు ఉంది, లారీల్లో కుక్కిన గేదెలు ఉన్నాయి. లారీలో కుక్కడం హింసే. ఆ గదిలో సంతకి ఎద్దుని నడిపించుకుంటూ వెళ్లే మనిషి లేడు. అందుకే చెల్లీ, నువ్వు వెళ్లాలి.

ఇప్పుడు మా తాత గురించి చెప్పాలి.

మా తాత తోలు పని చేసేవాడు. ఊళ్లో గొడ్డు చస్తే కబురు వచ్చేది. తోలు ఒలిచి, సున్నంలో నానబెట్టి, లందలో తంగేడు చెక్క వేసి ఊనేవాడు. ఊరు ఆ వాసనని అసహ్యించుకుంది, ఆ తోలుతో కుట్టిన చెప్పులు తొడుక్కుంది. చచ్చిన గొడ్డు దగ్గరికి వెళ్లగానే మా తాత కత్తి తీసేవాడు కాదట. ముందు ముక్కు, మూతి, తోక కింద చూసేవాడు. నల్లటి రక్తం గడ్డకట్టకుండా కారుతూ ఉంటే వెనక్కి జరిగేవాడు. "దొమ్మరా ఇది. కోస్తే మనమూ పోతాం" అని లోతుగా గొయ్యి తవ్వించి, సున్నం పోయించి పాతిపెట్టించేవాడు. ఆ రోజు తోలూ లేదు, మాంసమూ లేదు. ఇంట్లో గంజే.

దొమ్మ అంటే ఆంత్రాక్స్. మా తాతకి ఆ పేరు తెలీదు. దాని బీజాలు మట్టిలో దశాబ్దాల పాటు బతికుంటాయని, కళేబరాన్ని కోస్తే గాలి తగిలి అవి తయారవుతాయని ఇప్పుడు పశువైద్య పుస్తకాలు చెబుతున్నాయి. పశువుల జబ్బులు పసిగట్టడంలో ఆయన ఆ ఊరికి మొదటి డాక్టరు. ఎవరూ ఆయన్ని జంతు ప్రేమికుడు అనలేదు.

ఆ పని చేసేవాళ్లకి దేశం ఇచ్చిన బిరుదు ఏమిటో మీకు తెలుసు. 2016 జూలైలో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు ఒలుస్తున్న దళిత యువకుల్ని కట్టేసి కొట్టారు. నెల తిరక్కుండా ఆగస్టులో మా అమలాపురంలో, కరెంటు షాక్‌తో చచ్చిన ఆవుని ఒలుస్తున్న దళిత అన్నదమ్ముల్ని చెట్టుకి కట్టి కొట్టారు. కొట్టినవాళ్లు చెప్పుకున్నది కూడా జంతు రక్షణే. డబ్బులిచ్చేవాళ్లకి ఈ సంగతి తెలియాలి. జంతువుని కాపాడతాం అనే మాట మా పేటల్లోకి చాలాసార్లు కర్ర పట్టుకునే వచ్చింది. మీరు అలాంటివాళ్లు కాకపోవచ్చు. ఆ మాట వినగానే మాకు వీపు ఎందుకు జలదరిస్తుందో అర్థం చేసుకోండి.

ఇక కొండ మీదికి వద్దాం. విశాఖ మన్యంలో దొమ్మ కొత్తది కాదు. ఎన్నో ఏళ్లుగా వస్తోంది, పోతోంది, మళ్లీ వస్తోంది. ఎద్దో మేకో ఉన్నట్టుండి చచ్చిపోతుంది. ఊరంతా పంచుకుని వండుకుంటారు. కొన్ని రోజులకి కోసినవాళ్ల చేతుల మీద పొక్కు లేస్తుంది, నల్లగా పెచ్చు కడుతుంది. నొప్పి కూడా పెద్దగా ఉండదు, అందుకే ఆలస్యంగా చూపిస్తారు. తర్వాత కేజీహెచ్‌కి తరలింపు, పేపర్లో వార్త, ఊళ్లో మెడికల్ క్యాంపు. వార్త కింద ఎప్పుడూ ఒకటే నీతి: గిరిజనుల్లో అవగాహన లేదు.

నిరుడు ఆ వైపు ఊళ్లు తిరుగుతున్నప్పుడు ఒక పెద్దమ్మని అడిగాను. సచ్చిన గొడ్డుని తినకూడదని తెలీదా అమ్మా అని. ఆవిడ నన్ను కాసేపు చూసింది. "తెలవక కాదు బాబూ. జత ఎడ్లలో ఒకటి సచ్చిపోనాది. దున్నడానికి లేదు, అమ్ముకోడానికి లేదు. ఆ మాంసం కూడా మట్టిలో ఎట్టీమంటావా?"

ఇది నన్ను చాలా రోజులు వెంటాడింది. 1927లో మహద్‌లో బాబాసాహెబ్ మనవాళ్లకి చెప్పింది కూడా అదే కదా, చచ్చిన పశువు మాంసం మానెయ్యమని. ఆయన చెప్పింది ఆత్మగౌరవం కోసం. ఊరు మన మీద వేసిన పనిని విసిరికొట్టమని. మా పేటలో మా నాన్న తరం మానేసింది. కొండమీది పెద్దమ్మకి ఆ మాంసం ఎవరూ అంటగట్టింది కాదు. అది తన ఎద్దు. ఏడాది సేద్యం అందులో చచ్చిపోయింది. ఆవిడకి కావలసింది నష్టం తీరే దారి. పాఠం కాదు.

ఇక్కడే డబ్బులిచ్చేవాళ్లకి పని ఉంది. చెల్లీ, ఆ పది నిమిషాల్లో నువ్వు అడగాల్సినవి ఇవి.

మొదటిది టీకా. దొమ్మ వచ్చిన ఊళ్లలో పశువులకి ఏటా, వానలకి ముందే టీకా పడాలి. ఒక్క ఏడాది తప్పినా మట్టిలో ఉన్నది ఊరుకోదు. ప్రభుత్వ సిబ్బంది ఉన్నారు. 2022లో నియోజకవర్గానికొకటి చొప్పున 175 పశువుల అంబులెన్సులు, 1962 నంబరు పెట్టారు. మంచి పనే. నిండు చూలాలిని డోలీలో మోసుకొచ్చే ఊరికి ఆ బండి ఎలా ఎక్కుతుంది? ఆ డోలీ గురించి చెబితే, ముందు మనుషులకి దారి వెయ్యండి, తర్వాత పశువులు అంటారు కొందరు. నేను అలా విడదీయను. ఆ ఊళ్లో మనిషికీ మేకకీ రావలసిన దారి ఒకటే.

రెండోది ఊరి చేతులు. కోళ్లకి కొక్కెర రోగం టీకా వందేసి డోసుల సీసాల్లో వస్తుంది. మూత తీసి కలిపితే కొన్ని గంటల్లో వాడెయ్యాలి. ఆరు కోళ్లున్న ఇల్లు ఆ సీసా ఏం చేసుకుంటుంది? ఊరి కోళ్లన్నిటికీ ఒకే పొద్దున, కోళ్లు గంప దిగకముందే వెయ్యాలి. అది బయటివాళ్లతో కాదు. ఈ తూర్పు కనుమల్లోనే ఊరి ఆడవాళ్లకి టీకాలు వేయడం నేర్పించిన సంస్థలున్నాయి. అలా నేర్చుకున్న అమ్మాయికి నెలనెలా జీతం ఇవ్వండి. ఐస్ బాక్స్ ఇవ్వండి. ఒక పెద్ద నగరంలో ఒక రోజు సమావేశానికయ్యే ఖర్చుతో ఎన్ని ఐస్ బాక్సులు వస్తాయో వాళ్లనే లెక్క వేసుకోమను.

మూడోది చాలా ముఖ్యం. చచ్చిన గొడ్డుకి ధర కట్టండి. అనుమానంగా చచ్చిన పశువుని కొయ్యకుండా కబురు చేసి, సున్నం వేసి పాతిపెట్టిన ఇంటికి వారంలోపు డబ్బు చేతికందాలి. బీమా ఉందంటారు. చెవికి ట్యాగు, డాక్టరు సర్టిఫికెట్, బ్యాంకు ఖాతా... అవన్నీ తిరిగేలోపు మాంసం పులుసైపోతుంది. ఆకలి కాగితం కోసం ఆగదు. ఆ గొయ్యికి డబ్బిస్తే ఒక ఎద్దు చావు దగ్గరే ఆగుతుంది, లేకపోతే పదిమంది చేతుల మీదికి వస్తుంది, మళ్లీ మట్టిలో చేరి మనవడి ఎద్దు కోసం కాచుకుంటుంది. జంతువుని కాపాడటం, మనిషిని కాపాడటం ఒక్క గొయ్యిలో కలిసే చోటు ఇది. ఇంతకంటే మంచి చోటు ఏ దాతకి దొరుకుతుంది?

నాలుగోది కుర్చీ. మా కొండ మీద ఏ రూల్ కోసం, ఏ కేసు కోసం, ఏ ప్రచారం కోసం డబ్బు ఇచ్చేముందైనా మా గ్రామసభని అడగండి. అయిదో షెడ్యూల్ ప్రాంతం ఇది. పీసా చట్టం వచ్చి 1996 నుంచి లెక్కపెట్టుకోండి. అడగడం మర్యాద మాత్రమే కాదు, ఆ చట్టం స్ఫూర్తి కూడా.

వేట గురించి, బలి గురించి అడుగుతారు. దాచుకోవద్దు. మన ఆచారాల్లో మార్చుకోవలసినవి ఉంటే మనమే కూర్చుని మార్చుకుంటాం. మా పేట మార్చుకుంది కదా. ఆ చర్చ ఊళ్లో జరుగుతుంది, ప్రొజెక్టర్ ముందు కాదు.

ఇదంతా చెప్పాక చెల్లెలు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అంది, "సరే అన్నా. మరి ఫోటోలు అడిగారు కదా? ఏం తీసుకెళ్లను?"

మీ ఊళ్లో ఈ మధ్య ఏ గొడ్డయినా చచ్చిపోయిందా అని అడిగాను. పోయిన వానాకాలం మా పెదనాన్నది పోయిందంది. ఏం చేశారు అన్నాను. "మా పెదనాన్న కొయ్యనివ్వలేదు. పాతిపెట్టేశాం. ఇప్పటికీ ఒక్క ఎద్దుతోనే ఉన్నాడు. పక్కింటి ఎద్దుని అడిగి జత కట్టి దున్నుతున్నాడు."

ఆ గొయ్యి ఫోటో తీసుకెళ్లు తల్లీ. పక్కన మీ పెదనాన్నని నిలబెట్టు.

విద్యార్థి మిత్రులారా, మీ ఊళ్లలో చచ్చిన పశువుని ఏం చేస్తున్నారు, టీకా ఆఖరిసారి ఎప్పుడు పడింది, అడిగి రాసి పెట్టండి. ఆ చెల్లెలు వెళ్లేలోపు ఆమె చేతిలో ఊళ్ల పేర్లతో ఒక కాగితం ఉండాలి.

జై భీమ్. జోహార్.