ఇండ్లు పెరిగినవి, ఇరుగుపొరుగు తరిగినది

ఖమ్మము నుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలమునకు పోవు దారిలో నేడు బాటసారికి అడవికంటె ముందుగా అగపడునవి ప్లాట్లకు పాతిన హద్దురాళ్లు. నిన్నటివరకు పత్తియు మిరపయు పండిన చేలు నేడు వెంచర్లను పేర గజముల లెక్కన తెగుచున్నవి. ఖమ్మము 2012లో నగరపాలక సంస్థ యైనది. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెము జిల్లా వెలసినది. పెండ్లిపందిటను, బడి వరండాలోను, తుదకు శవము లేచిన యింటను గూడ జనులు ముచ్చటించునది గజము ధరయే.

మేము క్రొత్త యిండ్లకు శత్రువులము కాము. పూరిల్లు చల్లనిదని పొగడువారు సామాన్యముగా మేడలో కూర్చుండి పొగడుదురు. వేసవిలో నిప్పురవ్వకు భయపడి, వానకాలమున కారు నీటిక్రింద గిన్నెలు పెట్టి, గోడసందుల తేళ్లకు వెరచి కాపురము చేసిన యిల్లాలినడిగినచో ఆ చల్లదనమెంతటిదో తెలియును. 2024 మార్చి 11న తెలంగాణ ప్రభుత్వము ఇందిరమ్మ యిండ్ల పథకమును భద్రాచలముననే ప్రారంభించి, స్వంత స్థలముగల పేదకు 5 లక్షల రూపాయల సాయము నిచ్చుటకు పూనుకొన్నది. అట్టి యిల్లు భిక్షము కాదు, హక్కు. కావున మా వాదము సిమెంటుపైని కాదు, స్లాబుపైని కాదు.

మా వాదము ఒక్క మాటపైన. చదువుకొన్నవారు, ఉద్యోగస్థులు, వ్యాపారులు ఇల్లు కట్టునపుడు నలుగురును పలుకుమాట యొకటి కలదు: "నా స్థలము, నా సొమ్ము, నా యిల్లు, నడుమ మీరెవరు?" ఈ వాక్యము మన కాలపు గృహశాస్త్రమునకు మూలసూత్రమైనది. ఇందలి మూడు "నా"లును పరీక్షకు నిలుచునవి కావని మా మనవి.

మొదటిది స్థలము. ఖమ్మము పట్టణము మాట వేరు. భద్రాచలము షెడ్యూల్డు ప్రాంతము. 1959 నాటి భూబదలాయింపు నిబంధనము, 1970లో దానికి జరిగిన సవరణ, ఈ రెండును కలిసి వాడుకలో "1/70 చట్టము" అనబడుచున్నవి. దీనినిబట్టి అచ్చటి నేల గిరిజనేతరుని పేరికి మారరాదు. గిరిజనేతరుడు గిరిజనేతరునికే అమ్మినను ఆ విక్రయము చెల్లదు. అచ్చటి నేల మొదట గిరిజనునిదే యని యెంచి, కాదనువాడు ఋజువు చూపవలెనని చట్టము చెప్పుచున్నది. 1988లో సర్వోన్నత న్యాయస్థానము దీనిని సమర్థించినది. ఇంత స్పష్టమైన శాసనముండగా తెల్లకాగితముపై ఒప్పందములు, ఒకరి పేర కాగితము, వేరొకరి మొలను తాళపుచెవి, ఈ వాడుకల నెరుగనివారు ఏజెన్సీలో నెవరు? కాగితము వ్రాయించుకొన్నవాడే సాయంకాలము గుడికిపోయి ధర్మము నాలుగు పాదముల నడువవలెనని ప్రార్థించును.

భద్రాచల స్థలపురాణమునుబట్టి కొండపై దేవునికి మొదటి నీడ నిచ్చినది పోకల దమ్మక్క యను కోయస్త్రీ. ఆమె పందిరి వేసి తాటిపండు నివేదించిన తరువాతనే, పాల్వంచ పరగణా తహశీల్దారగు కంచర్ల గోపన్న వచ్చి ఆలయము కట్టించి రామదాసై గోల్కొండ చెరసాలకు పోయెను. అనగా ఆ యూరిలో మొదటి గృహనిర్మాత దమ్మక్కయే. నేడు ఆమె కులమువారు అదే యూరికి చదువుకొరకో కొలువుకొరకో వచ్చి ఒక గది కావలెనన్నచో దొరకునా? ఈ ప్రశ్నకు సమాధానము ముందు చెప్పుదుము.

తరతరములుగా అచ్చట నివసించుచున్న గిరిజనేతరులు ఎక్కడికి పోవలెనని కొందరడుగుదురు. ఎవ్వరిని వెళ్లగొట్టుమని మేమనలేదు. ఉండుట వేరు, కబళించుట వేరు. పొరుగువాని నేలపై నిలిచియున్నామను ఎరుకతో ఉండువాని నడవడియే వేరుగా నుండును. ఇంకొక కొసను గూడ చూడుడు. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుము మొదలైన పిమ్మట ప్రాణభీతితో సరిహద్దు దాటి వచ్చిన గుత్తికోయలు ఈ యడవులలో గుడిసెలు వేసికొన్నారు. వారి గుడిసెకు కాగితము లేదని పీకివేయుటకు మన చట్టమునకు చేతులున్నవి. కాగితము లేని మేడకడకు వచ్చునప్పటికి ఆ చేతులకే పక్షవాతము వచ్చుచున్నది.

రెండవది సొమ్ము. సొమ్ము నీదే కావచ్చును. దాని ఫలము నీ యొక్కనిది కాదు. భద్రాచలమువద్ద గోదావరి 43 అడుగులకు చేరిన మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టులో ఆ నది 75.6 అడుగులకు పెరిగెను. 2022 జూలై 16న మరల 71.3 అడుగులు ముట్టెను. నది తన కొలతలను దాచలేదు. మనమే చదువుట మానితిమి. 2014లో పోలవరము నిమిత్తము చుట్టుప్రక్కల గ్రామములు ఆంధ్రప్రదేశమునకు పోగా, పట్టణము మాత్రము తెలంగాణలో మిగిలి, ప్రక్కనున్న యెటపాక పొరుగు రాష్ట్రమైనది. ఊరు ప్రక్కకు ప్రాకుటకు చోటు తగ్గగా, పల్లములోనికి దిగుటయు, మీదికి లేచుటయు మిగిలినవి. 2025 మార్చి 26న ఆ యూర నిర్మాణములోనున్న బహుళాంతస్తుల భవనము కూలి పనివాండ్ర ప్రాణములు బలిగొన్నది. అంతస్తు నెక్కించువాడు ఒకడు, దానిక్రింద పడువాడు వేరొకడు.

ఖమ్మములోను ఇదే పాఠము. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఏటియొడ్డు కాలనీలను ముంచెను. వాగు తనదారిన వచ్చినది; దారిలో ప్లాట్లు కోసినవారము మనము. ప్రతివాడును తన పునాది నెత్తు చేసికొని మట్టి పోయించును. అప్పుడు నీరు మాయమగునా? ప్రక్కనున్న పాతయింటిలోనికి, దానికంటె పల్లమున నున్న కూలివాని గదిలోనికి పోవును. ఒకని నేర్పు పొరుగువాని ముంపగుచున్నది. ఆనాడు ప్రకాశనగర్ వంతెనపై తొమ్మిదిమంది చిక్కుకొనిరి. హెలికాప్టరు రాలేకపోయినది. హర్యానానుండి పొట్టచేతబట్టుకొని వచ్చిన జె.సి.బి. డ్రైవరొకడు తన యంత్రమును ప్రవాహములోనికి నడిపించి వారిని గట్టుకు చేర్చెను. అతడు ఎక్కించుకొనునపుడు ఎవ్వరి కులము నడుగలేదు. అతడే మన వీధిలో గదికొరకు వచ్చియుండినచో మనము మొదట నేమడిగియుందుము?

ఈ ప్రశ్నయే మమ్ము మూడవ "నా"కు, అనగా ఇంటికి, తెచ్చినది.

వెనుకటి యిండ్లకు వీధివైపున అరుగులుండెడివి. బాటసారి కూర్చుండెను, ముసలివారు కబుర్లాడిరి, స్త్రీలు బియ్యమేరుచు విస్తళ్లు కుట్టుచు కష్టసుఖములు చెప్పుకొనిరి. పిల్లవానిని ఒక తల్లి కని పది కన్నులు కాచెడివి. నేడు అరుగుండవలసినచోట ఏడడుగుల ప్రహరీ, దానిపై గాజుపెంకులు, ఇనుప గేటు, గేటునకు "కుక్క కలదు" అను పలక, పైన సి.సి. కెమేరా. వాస్తుశాస్త్రజ్ఞుడు ఈశాన్యమున నీరు, ఆగ్నేయమున నిప్పు నెక్కడనుండవలెనో నిర్ణయించును గాని, పొరుగువాడెక్కడ నుండవలెనో చెప్పడు. ఈ గోడ దొంగ నాపునో ఆపదో మేము చెప్పజాలము. పొరుగింటి ఆడుదాని యేడుపును మాత్రము నిశ్చయముగా నాపును. భర్త కొట్టినను, అత్త యన్నము పెట్టకున్నను, వెనుక అరుగుమీది పెద్దమ్మ కేకవేసి అడిగెడిది. నేడు మూడుదినములు తలుపు తెరువకున్నను ప్రక్కయింటివారు "మనకేల" యని టెలివిజను శబ్దము పెంచుదురు. స్త్రీవిద్యను గురించి ఉపన్యసించు మన గృహములందే ఇట్లు జరుగుచున్నది.

ఐనచో పాత అరుగుల కాలమే మేలందురా యని సోదరులు మమ్మడుగవచ్చును. అనము. ఆ అరుగు అందరిదియు కాకుండెను. మాల మాదిగలకు దానిపై చోటులేదు. అడవినుండి తేనెయో చింతపండో తెచ్చిన కోయవాడు వీధిలోనే నిలిచి, చెప్పిన ధరకే యిచ్చి, నిలిచినచోటనే నీళ్లు త్రాగి పోయెను. అట్టి అరుగుకొరకు కన్నీరు కార్చువారితో మేము చేరము. మా ఫిర్యాదు వేరు: అరుగులోని మంచి పోయినది, అంటు మాత్రము గోడలోపల భద్రముగ నిలిచినది.

ఋజువు కావలెనా? అద్దెకు ఇల్లు వెదకువాని వెంట నొకదినము తిరుగుడు. మా యెరుకలో నొక యువ ఉపాధ్యాయుడు, కోయకులజుడు, పట్టభద్రుడై శిక్షణపొంది మా పట్టణమునకు వచ్చెను. అద్దెకిచ్చు పలకలు కట్టిన యిండ్లు ఏడింటికి పోయెను. గది చూపిరి, నీళ్లవసతి చెప్పిరి, అద్దె కుదిరినది, అంతట "ఇంటిపేరేమి?" యన్నారు. పేరు వినగనే ఒకరికి మేనల్లుడు జ్ఞాపకము వచ్చెను, వేరొకరికి గదికి సున్నము వేయించుట జ్ఞాపకము వచ్చెను. పలక మాత్రము మరునాడును గేటునకు వ్రేలాడుచునేయున్నది. తమ పిల్లలకు అతడు లెక్కలు చెప్పవచ్చును, తమ మేడమెట్లు మాత్రము ఎక్కరాదు! దమ్మక్క కులమువారికి గది దొరకునా యని మేము పైన అడిగితిమే, సమాధానమిది.

"మాంసము తినరాదని మా నియమము, కులముకొరకు గాదు" అని కొందరు సమర్థించుకొందురు. అట్లైనచో వంట సంగతి నడిగిన చాలును, ఇంటిపేరేల? "ఇల్లు నాది, ఇష్టము నాది" యని మరికొందరు. రాజ్యాంగపు 17వ అధికరణము అంటరానితనమును రద్దుచేసినది. 1955లో దానినిబట్టి వచ్చిన చట్టము, అస్పృశ్యతను పట్టుకొని ఒకనిని ఏ వీధిలోనైన నివాసము పొందనీయకుండుటను నేరముగా నెంచినది. ఇష్టము పేర నేరము చేయువానికి చదువు మరింత అపకీర్తి. "దొంగల భయముచేత గోడ" అనువారికి మా మాట: వీధినెరిగిన నలుగురు మనుష్యులు కాచినట్లు కెమేరా కాయదు, కెమేరా దొంగను చూచును, పొరుగువాడు లేచి వచ్చును.

అడవిలోని కోయగుంపును చూచి మనము నేర్వవలసినది కొంత కలదు. అచ్చట వైద్యము దూరము, జ్వరము దగ్గర. ఆ జీవితమును స్వర్గమని మేము వర్ణింపము. కాని వెదురు తడిక యల్లి మట్టిమెత్తి ఇల్లు నిలుపునపుడు గుంపులోనివారు చేయివేయుదురు. ఇల్లు నలుగురి పనిగా మొదలగును గాన నలుగురి మాటకును చోటుండును. మన యిండ్లనో, రాయి మోసినవారు, ఇసుక జల్లించినవారు, స్లాబునాడు తెల్లవారుజామునుండి తట్టలందించిన స్త్రీలు, గృహప్రవేశమునాడు కడపటి బంతివరకు గేటువెలుపల నిలుచుందురు. కట్టిన చేతులకు కడపటి విస్తరి!

ఇల్లు సంఘమునకు తెరచినచో నేమగునో మన చరిత్రలోనే నిదర్శనమున్నది. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము రావిచెట్టు రంగారావుగారి గృహముననే పుట్టెను. ఆయన "నా యిల్లు, నా యిష్టము" అని గేటు వేసికొనియుండినచో నిజాము రాజ్యమున తెలుగు గ్రంథాలయోద్యమమునకు తొలి నీడ యెక్కడ దొరకియుండును?

కావున ఈ సంవత్సరము ముగ్గుపోయదలచిన గృహస్థులకును, అంతకంటె ముఖ్యముగా ఇంటిపటము గీయించునపుడు వంటయింటి మాట తప్ప వేరుమాట అడుగబడని గృహిణులకును మా మనవి. బయానా ఇచ్చుటకు ముందు, ఈ నేల యెవరిది, ఈ నేలమీది నీరు ఎటుపోవును అను రెండు ప్రశ్నలు వేయుడు. సరియైన యుత్తరము రానిచోట లాభమెంతయున్నను లేచిరండు. ప్రహరీని రొమ్మెత్తుకు దించి, మీ హద్దులోపలనే, మురుగుకాలువపైకి జరుపక, వీధివైపున రెండుమూరల అరుగు వేయుడు. దానిపై ఎవరు కూర్చుండినను లెమ్మనకుడు. గృహప్రవేశమున మేస్త్రీని, కూలీలను మొదటి బంతిలో మీ ప్రక్కన కూర్చుండబెట్టుడు. గది అద్దెకిచ్చునపుడు అద్దె యడుగుడు, నడవడి యడుగుడు, ఇంటిపే రడుగకుడు.

వీనిలో దేనికిని ప్రభుత్వపుటాజ్ఞ యవసరము లేదు, గజమునకు వేయి రూపాయల ఖర్చును లేదు. సభలలో సంస్కరణమును గూర్చి మనము చాల మాటలాడితిమి. సంస్కర్త యింటి గేటుముందు పూనెము, కుంజా, సోడె యను ఇంటిపేరుగల యువకుడు నిలిచి గది యడిగిన దినమున ఆ మాటలకు పరీక్ష. ఆనాడు తాళపుచెవి తీసి యిచ్చువాడే సంస్కర్త, తక్కినవారు ఉపన్యాసకులు.