జనాన్ని లెక్కపెట్టి ఇచ్చే హక్కా?

2023 ఏప్రిల్‌లో స్వలింగ వివాహాల కేసు సుప్రీంకోర్టులో నడుస్తుండగానే, దేశంలో 99.9 శాతానికి మించి జనం వీటికి వ్యతిరేకమని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా తీర్మానం చేసేసింది. ఎవరినడిగి లెక్క తీశారో మరి! నల్లకోటు ఇంకా తొడగని లా విద్యార్థులే నిలదీశారు. 30కి పైగా విద్యార్థి బృందాలు ఆ తీర్మానాన్ని ఖండించాయి. రేపు తమకు బార్ పరీక్ష పెట్టే సంస్థనే తప్పుపట్టడం చిన్న తెగువేం కాదు. పిటిషనర్లలో ముందున్న జంట హైదరాబాద్ వాళ్లే. అడిగింది గుళ్లో తాళి కాదు, మతంతో పనిలేని 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్ట్రారు ముందు రెండు సంతకాలు. ఆస్పత్రి కౌంటర్‌లో 'పేషెంటుకు మీరేమవుతారు?' అంటే చెప్పుకోడానికో కాగితం. అక్టోబరు 17న ధర్మాసనం, చట్టం చేయాల్సింది మీరేనంటూ పార్లమెంటు వైపు వేలు చూపించింది. ప్రభుత్వం ఆ పెళ్లి చట్టం ఊసే ఎత్తడం లేదు.