పులిని కాచేది మనమే, కాగితం మీద మాత్రం దినకూలీలం



అమ్రాబాద్ టైగర్ రిజర్వులో పులుల లెక్క వచ్చినప్పుడల్లా ఫోటోలు, అభినందనలు చూస్తున్నాం. సంతోషమే. కానీ ఆ పులి అడుగును ముందు గుర్తుపట్టేది ఎవరు? బేస్ క్యాంపుల్లో పడుకుని, ఉచ్చులు ఏరేసి, ఎండాకాలం మంటలార్పే వాచర్లలో చాలామంది మన చెంచు అన్నలే. వాళ్లని తాత్కాలిక కూలీలుగానే చూస్తున్నారు.

మన పెద్దోళ్లు గడ్డ తవ్వితే తీగ ఉన్న తలభాగాన్ని మళ్లీ మట్టిలో పెట్టి వస్తారు. తేనె తీసేటప్పుడు పట్టు మొత్తం కోసుకురారు, ఈగలకి కొంత వదిలేస్తారు. దీన్ని మన పెంటల్లో ఎవరూ పర్యావరణ పరిరక్షణ అనలేదు. రేపు కూడా తినాలి కదా, అంతే. 2019లో యురేనియం తవ్వకాలొస్తున్నాయంటే ముందు గొంతెత్తిన వాళ్లలో పెంటల జనం ఉన్నారు. ఆ సెప్టెంబర్‌లో తెలంగాణ అసెంబ్లీ తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది.

ఇప్పుడు అదే జనాన్ని పులి కోసం అడవి బయటికి రమ్మంటున్నారు. కుటుంబానికి 15 లక్షల ప్యాకేజీ. పోతామనే కుటుంబాలూ ఉన్నాయి, వాళ్లని తప్పు పట్టలేం. రోడ్డు లేక గర్భిణిని డోలీలో మోసినోళ్లకి ఆ బాధ తెలుస్తది. కానీ వన్యప్రాణి చట్టం ప్రకారమే టైగర్ రిజర్వు కోర్ ఏరియాలో ముందు హక్కుల గుర్తింపు పూర్తి కావాలి, గ్రామసభ ఒప్పుకోవాలి. ఆ తర్వాతే తరలింపు. ఈ వరస తిరగేస్తే మనం అడిగే జాగా కూడా మిగలదు.

కర్ణాటకలో బిళిగిరి రంగన కొండల సోలిగలను చూడండి. టైగర్ రిజర్వు లోపలే 2011లో వాళ్లకి సామూహిక అటవీ హక్కులొచ్చాయి. పూర్వం వాళ్లు ఎండాకులకి చిన్న మంటలు పెట్టేవాళ్లు. అవి ఆపించాకే లాంటానా కంప అడవంతా కమ్ముకుందని వాళ్ల పెద్దలు చెప్తారు. అడవి తెలిసినోళ్ల మాట వినకపోతే జింకకి గడ్డి కూడా మిగలదు.

అటవీ హక్కుల చట్టం 2006 సెక్షన్ 5 అడవిని, వన్యప్రాణులను కాపాడే అధికారం గ్రామసభకే ఇచ్చింది. మనం మాత్రం వ్యక్తిగత పట్టా ఫారం-ఎ దగ్గరే ఆగిపోయాం. సామూహిక అటవీ వనరుకి కావాల్సింది ఫారం-సి. దానికి కనీసం రెండు సాక్ష్యాలు చాలు. పాత బావి, శ్మశానం, దేవుడి జాగా సాక్ష్యమే. దరఖాస్తుదారు కాని పెద్దమనిషి చెప్పింది రాసి పెట్టినా సాక్ష్యమే. గ్రామసభకి సగం మంది రావాలి, వచ్చినోళ్లలో మూడోవంతు ఆడవాళ్లుండాలి.

ఆగస్టు 9న స్టేటస్‌లు పెట్టే మనలో గ్రామసభలో కూర్చున్నోళ్లు ఎందరు? మాకూ ఈ ప్రశ్న గుచ్చుకుంటోంది. సెలవులకి ఇంటికి పోయినప్పుడు ఒక తాతని వెంటబెట్టుకుని పెంట హద్దులు నడవండి. ఏ వాగు, ఏ గుట్ట, ఏ చెట్టు దాకా మనదో ఆయన చెప్పింది చెప్పినట్టు రాయండి. రాసుకొచ్చినోళ్లు ఇక్కడ పెట్టండి, ఫారం నింపడానికి మేం కూర్చుంటాం.