ముందు మన గడపలు తెరుద్దాం

నల్లగొండ జిల్లా తండాల్లో లంబాడా ఆడశిశువులను కొని, హైదరాబాద్ దత్తత సంస్థల మీదుగా విదేశాలకు పంపే వ్యాపారం 1999, 2001లలో బయటపడి రాష్ట్రమంతా తలదించుకుంది. స్వదేశంలో తల్లిదండ్రులు దొరకనప్పుడే విదేశీ దత్తతను ఆలోచించాలని సుప్రీంకోర్టు 1984లోనే లక్ష్మీకాంత్ పాండే కేసులో చెప్పింది. ఆ మాట నిలవాలంటే ఇక్కడి కుటుంబాలే ముందుకు రావాలి.

హైదరాబాద్ పాతబస్తీలోని ముస్లిం కుటుంబాలకు అనాథను సాకడం పుణ్యకార్యం. ముస్లిం పర్సనల్ లా దత్తతను గుర్తించకపోయినా, జువెనైల్ జస్టిస్ చట్టం కింద ఏ మతస్థులైనా దత్తత తీసుకోవచ్చని 2014లో షబ్నమ్ హష్మీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అది సమ్మతం కానివారికి ఫోస్టర్ కేర్, అంటే దత్తత తీసుకోకుండానే బిడ్డను ఇంట్లో పెంచే ఏర్పాటు, ఉంది. అందులో బిడ్డ కన్నవారి వంశం చెరగదు, ఆలనాపాలనా దక్కుతుంది. 2024 మార్గదర్శకాల ప్రకారం ఒంటరి వ్యక్తులూ అర్హులే. చట్టప్రకారం దత్తతకు అర్హుడైన బిడ్డనైతే, రెండేళ్లు పెంచాక దత్తతా కోరవచ్చు.

ప్రత్యేక అవసరాలున్న ఎందరో పిల్లలకు విదేశీ కుటుంబాలు ఆసరా అయ్యాయి. ఆ దారి మూయనక్కర్లేదు. కానీ బాలల సంరక్షణ అధికారులు ఉర్దూలో, తెలుగులో దత్తత, ఫోస్టర్ కేర్ సమాచారాన్ని పాతబస్తీ గల్లీగల్లీకీ చేర్చాలి. బిడ్డకు తన భాష, తన ఊరు దక్కించడం మనందరి బాధ్యత.