ఐదో నెలలో చట్టం ఎక్కడ?

గర్భిణుల ఆరోగ్యం గురించి రాసేవారు నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా ఉన్న కాలాన్ని కాస్త తేలికగా గడిచే కాలమంటారు. వేవిళ్లు తగ్గుతాయి, ఆకలి తిరిగొస్తుంది, పొట్ట ఇంకా అంత బరువనిపించదు. గాజువాకలో తెల్లవారకముందే చీపురు పట్టే పారిశుధ్య కార్మికురాలికి, కూర్మన్నపాలెం అపార్ట్‌మెంట్లలో నాలుగిళ్ల పని చేసే ఆడమనిషికి ఈ తేలికదనమే బరువవుతుంది. "ఇప్పుడు బాగానే ఉన్నావుగా" అంటూ పూర్తి పని చేయించుకునే నెలలివి. ఈ నెలల్లో చట్టం ఆమెవైపు ఇంకా నడవడం మొదలుపెట్టదు. మేము ఇక్కడ మాట్లాడదలచింది ఆ ఖాళీ గురించే.

1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం గర్భిణి చేత బరువు పనులు, గంటల తరబడి నిలబడే పనులు చేయించరాదంటుంది. కానీ ఆ రక్షణ ఆమె అడిగితేనే వస్తుంది. అది కూడా కాన్పు తేదీకి ఆరు వారాల ముందున్న ఒక నెలకూ, సెలవు పెట్టకపోతే ఆ ఆరు వారాలకూ మాత్రమే. లెక్క వేస్తే సుమారు 30వ వారంలో మొదలవుతుంది. 2017 సవరణ 26 వారాల సెలవు ఇచ్చినా, కాన్పుకు ముందు వాడుకోగలిగింది ఎనిమిది వారాలే. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ కూడా ఈ హద్దుల్ని జరపలేదు. నాలుగు, ఐదు, ఆరు నెలల్లో ఆమెకు మిగిలింది ఒక్క దారి: గర్భం వల్ల జబ్బు చేసిందని రుజువు చూపిస్తే ఒక నెల వేతన సెలవు. అంటే రోగి అయితేనే విశ్రాంతి. రోగం రాకుండా చూసుకునే హక్కు లేదు.

ఈ ఖాళీ అందరి మీదా ఒకేలా పడదు. ఆఫీసులో కుర్చీ ఉన్న మనిషి ఆ మూడు నెలలూ కూర్చుని పనిచేసుకోగలదు. ఉత్తరాంధ్ర పట్టణాల్లో వీధులు ఊడ్చే పని తరతరాలుగా రెల్లి, మాల, మాదిగ మహిళల మీదే ఉంది. వంగి ఊడవడం, తోపుడుబండి నెట్టడం, బ్లీచింగ్ చల్లడం, ఎండలో నిలబడడం వారి రోజువారీ పని. గాజువాకను మహా విశాఖ నగర పాలక సంస్థలో కలిపి ఇరవై ఏళ్లయింది. రోడ్లు వెడల్పయ్యాయి. ఆ రోడ్లు ఊడ్చే మహిళకు దారిలో మరుగుదొడ్డి దొరకడం ఇప్పటికీ కష్టమే.

మరుగుదొడ్డి మాట ఇక్కడ ఊరికే తేలేదు. వెళ్లే చోటు లేనప్పుడు ఆడవాళ్లు నీళ్లు తాగడం తగ్గిస్తారు. గర్భంతో ఉన్నప్పుడు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ తేలిగ్గా వస్తుంది. పట్టించుకోకపోతే కిడ్నీల దాకా పాకుతుంది, నెలలు నిండకముందే కాన్పు అయ్యే ప్రమాదం పెరుగుతుంది. నీళ్లు బాగా తాగమని డాక్టరు చెప్పే సలహా పాటించాలంటే ముందు పురపాలక సంస్థ తన పని చేయాలి.

తిండి విషయమూ అంతే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం దేశంలో గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉంది. దళిత, ఆదివాసీ మహిళల్లో రక్తహీనత మిగతావారికంటే ఎక్కువ. సలహాలిచ్చే కాగితాల్లో ఖర్జూరం, దానిమ్మ, బాదం కనిపిస్తాయి. మన వంటింటి పెద్దకూర కనిపించదు. ఆకుకూరల్లోని ఇనుము కంటే మాంసంలోని ఇనుము ఒంటికి తేలిగ్గా పడుతుంది. బాగా ఉడికించిన పెద్దకూర, గుడ్డు, చేప, నిమ్మరసం పిండిన తోటకూర పప్పు చౌకలో దొరికే బలమైన తిండి. ఎవరో నీచమన్నారని కడుపుతో ఉన్న ఆడబిడ్డ వాటిని మానుకోవాల్సిన పని లేదు.

ఈ నెలల్లో శరీరం ఎలా మారుతుందో తెలిస్తే భయం సగం తగ్గుతుంది. తొలి చూలులో బిడ్డ కదలిక 18 నుంచి 20 వారాల మధ్య తెలుస్తుంది, మలి చూలులో ఇంకా ముందే తెలియవచ్చు. నడుం నొప్పి, పిక్కలు పట్టేయడం, గుండెల్లో మంట, సాయంత్రానికి పాదాల వాపు మామూలే. నాలుగో నెల నుంచి రోజుకో ఐరన్ మాత్ర, రెండు కాల్షియం మాత్రలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు. ఐరన్, కాల్షియం కలిపి మింగకూడదు, మధ్యలో రెండు గంటలైనా ఎడం ఉండాలి. ఐరన్ వేసుకున్న వెంటనే టీ తాగితే మాత్ర వృథా. బిడ్డ అవయవాలు చూసే స్కానింగ్ 18 నుంచి 20 వారాల మధ్య, షుగర్ పరీక్ష మరోసారి 24 నుంచి 28 వారాల మధ్య చేయించాలి. రక్తం లేదా ఉమ్మనీరు పోవడం, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం, చేతులు వాయడం, జ్వరం, ఆగని కడుపునొప్పి, ఆయాసం, తెలుస్తున్న కదలిక తగ్గిపోవడం వీటిలో ఏది కనిపించినా షిఫ్టు అయ్యేదాకా ఆగకూడదు. 108కి ఫోన్ చేయాలి.

ఇవన్నీ ఉచితమే అంటారు. 2016 నుంచి ప్రతి నెల 9న, నాలుగో నెల దాటిన గర్భిణులకు ప్రభుత్వాసుపత్రుల్లో స్పెషలిస్టు డాక్టరు పరీక్ష ఉంది. మంచి పథకం. కానీ ఆ 9వ తేదీ పనిరోజైతే దినకూలీకి ఆ పరీక్ష ఖరీదు ఒక రోజు కూలీ. స్కానింగ్ కోసం కేజీహెచ్‌కో ఘోషాసుపత్రికో వెళ్లాల్సివస్తే మరో రోజు. పరీక్షకు డబ్బు తీసుకోని ప్రభుత్వం ఆ రోజు కూలీ గురించి ఆలోచించలేదు.

గాజువాకలో ఈఎస్‌ఐ కార్డు మరో సమస్య. ఉక్కు కర్మాగారం అమ్మకానికి 2021 జనవరి 27న కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. అదే ఏడాది వేల మంది కాంట్రాక్టు కార్మికులు పని కోల్పోయారు, మే నెలలో సమ్మెకు దిగారు. భర్త పని పోతే భార్యకు ఈఎస్‌ఐ వైద్యం కూడా పోయిందనుకుంటారు. వెంటనే పోదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు మధ్య 78 రోజుల చందా జమై ఉంటే మరుసటి ఏడాది జూన్ చివరి దాకా కుటుంబానికి వైద్యం అందాలి. ఆమే కార్మికురాలైతే, కాంట్రాక్టరు మారినప్పుడు పాత ఈఎస్‌ఐ నంబరు మీదే చందా కొనసాగించమని పట్టుబట్టాలి. ప్రసూతి వేతనానికి గడచిన రెండు చందా కాలాల్లో 70 రోజుల చందా కావాలి. కొత్త నంబరు ఇస్తే పాత రోజులు లెక్కలోకి రాకుండా పోయే ప్రమాదముంది.

ఈఎస్‌ఐ లేని ఇంటిపని మహిళకు మాతృ వందన యోజన ఉంది. తొలి కాన్పుకు 5,000 రూపాయలు. మొదటి విడత రావాలంటే ఆరు నెలల్లోపే పేరు నమోదై, ఒక పరీక్షైనా జరిగి ఉండాలి. 2013 ఆహార భద్రతా చట్టం కనీసం 6,000 ఇవ్వాలన్నది. ఆ మాట ఈ పథకంలో 5,000 దగ్గరే ఆగింది.

పోరాడడానికి మన చేతిలో ఆధారాలున్నాయి. 2000లో ఢిల్లీ నగరపాలక సంస్థ మస్టర్ రోల్ మహిళల కేసులో, దినకూలీ మహిళలకూ ప్రసూతి ప్రయోజనాలు ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అంతకు చాలా ముందే, 1928లో, బొంబాయి శాసనమండలిలో బాబాసాహెబ్ అంబేడ్కర్ ప్రసూతి ప్రయోజనాల బిల్లును సమర్థిస్తూ, కాన్పుకు ముందు తల్లికి దొరికే విశ్రాంతి దేశానికే మేలని, ఆ ఖర్చులో ప్రధాన భాగం ప్రభుత్వం మోయాలని వాదించారు.

ఆ వాదనను పారిశుధ్య కార్మికుల దగ్గరికి తేవాలంటే మేము కోరేవి నాలుగు. నాలుగో నెల నుంచే, ఆమె అడగకుండానే, తేలిక పని ఇవ్వాలి. పరీక్షలకు వెళ్లే రోజులకు పూర్తి కూలీ ఇవ్వాలి. ప్రతి పారిశుధ్య డివిజన్‌లో మరుగుదొడ్డి, తాగునీరు, కూర్చునే నీడ ఉండాలి. కాంట్రాక్టరు మారినా ఈఎస్‌ఐ తెగిపోకుండా నగరపాలక సంస్థే బాధ్యత తీసుకోవాలి. మొదటి మూడింటికి నగరపాలక సంస్థ ఒక ఉత్తర్వు ఇస్తే చాలు, పార్లమెంటు దాకా వెళ్లనక్కర్లేదు. అప్పటిదాకా కడుపుతో ఉన్న ప్రతి కార్మికురాలూ ఐదో నెలలోనే తేలిక పని కోరుతూ కాగితం రాసి ఇవ్వాలి, దాని మీద ముద్ర వేయించుకోవాలి. ఒంటరిగా ఇస్తే వేధిస్తారనుకుంటే యూనియన్ ద్వారా నలుగురూ కలిసి ఇవ్వాలి.