పౌరసత్వ ప్రమాణంలో ఉన్నది, ఉత్సవంలో లేనిది

సెప్టెంబరు 30 సమీపిస్తున్నదంటే కెనడా నగరాల గ్రంథాలయాలలో, సామాజిక కేంద్రాలలో కొత్తగా వలస వచ్చినవారి కోసం ప్రత్యేక కార్యక్రమాలు మొదలవుతాయి. ఆదివాసీ పెద్ద ఒకరు ప్రార్థనతో ప్రారంభిస్తారు. డోలు మోగుతుంది. బానక్ అనే రొట్టె పంచుతారు. నారింజ రంగు చొక్కాలు తొడుక్కొని ఫొటోలు దిగుతారు. సాయంత్రానికి సయోధ్య పూర్తయిపోతుంది. అటువంటి ఒక కార్యక్రమానికి వెళ్లివచ్చిన నా మిత్రుడు, విన్నిపెగ్‌లో స్థిరపడిన తెలుగువాడు, ఫోనులో అన్నాడు: "అంతా బాగానే ఉంది గానీ, వాళ్ల పిల్లల్ని లాక్కుపోయింది మనం కాదు కదా? నిన్నగాక మొన్న వచ్చినవాళ్లం. మనమెందుకు తలదించుకోవాలి?"

ఈ మాటను తేలికగా కొట్టిపారేయలేను. 2023లో కెనడాలో శాశ్వత నివాస హక్కు పొందిన సుమారు 4,71,000 మందిలో దాదాపు 1,40,000 మంది భారతీయులే. తమ ఇరుగుపొరుగుల చరిత్ర గురించి ఇంతమంది ఏమనుకుంటారన్నది ఇక వారి ఇంటి విషయం కాదు, ఆ దేశపు రాజకీయ విషయం. నా మిత్రుడి ప్రశ్నలో తప్పు ఒక్కటే. అతడు దీనిని అపరాధం సంగతిగా చూస్తున్నాడు. ఇది ఒప్పందం సంగతి.

అతడి పొరపాటుకు సగం కారణం ఆ కార్యక్రమాల స్వభావమే. మనవారికి 'రెసిడెన్షియల్ స్కూల్' అన్న మాట వినగానే ఏం గుర్తొస్తుంది? ఎంట్రన్స్ రాసి, సీటు వస్తే ఊరంతా మిఠాయి పంచుకొనే గురుకులం. కెనడాలో అదే మాటకు అర్థం వేరు. చట్టం చేతబట్టి సుమారు 1,50,000 మంది ఆదివాసీ బాలబాలికలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి, వారి భాష నోట రాకుండా దండించిన బళ్లవి. చర్చిలు నడిపాయి, ప్రభుత్వం డబ్బిచ్చింది. 1920లో హాజరును నిర్బంధం చేశారు. చివరి బడి మూతపడింది 1990వ దశకంలో. అంటే మన గురుకులాలు వందల సంఖ్యలో నడుస్తున్న కాలంలోనే. నమోదైన మరణాలే 4,000 పైచిలుకు. ఆ నారింజ చొక్కా కూడా వేడుక దుస్తు కాదు. 1973లో ఆరేళ్ల ఫిల్లిస్ వెబ్‌స్టాడ్‌కు అమ్మమ్మ కొనిచ్చిన కొత్త చొక్కాను బడిలో అడుగుపెట్టిన రోజే ఊడదీసుకున్నారు. ఆ చొక్కా అది.

'సయోధ్య' అన్న మన అనువాదం కూడా నాకు నచ్చదు. ఇద్దరూ కలహించుకుని ఇద్దరూ తగ్గినట్టు ధ్వనిస్తుంది. ఇక్కడ ఒకరు తీసుకున్నారు, ఒకరు పోగొట్టుకున్నారు.

మర్రీ సింక్లెయిర్ అధ్యక్షతన పనిచేసిన సత్య సయోధ్య కమిషన్ 2015లో 94 సిఫారసులు చేసింది. చివరి రెండూ కొత్తగా వచ్చేవారి గురించే. 93వది: వలసవారికిచ్చే సమాచారంలోను, పౌరసత్వ పరీక్షలోను ఒప్పందాల చరిత్ర, ఆ బడుల చరిత్ర ఉండాలి. 94వది: పౌరసత్వ ప్రమాణంలో ఆదివాసులతో కుదిరిన ఒప్పందాల ప్రస్తావన ఉండాలి. రెండవది 2021లో చట్టమైంది. ఇవాళ కెనడా పౌరుడయ్యే ప్రతి తెలుగువాడు ఫస్ట్ నేషన్స్, ఇన్యూట్, మెటీ ప్రజల హక్కులను, ఒప్పంద హక్కులను గుర్తించే రాజ్యాంగానికి లోబడతానని నోటితో పలుకుతున్నాడు. మొదటిదాని గతి వేరు. 2009 నాటి 'డిస్కవర్ కెనడా' కరదీపిక స్థానంలో కొత్తది తెస్తామని ప్రభుత్వాలు ఏళ్లకేళ్లు చెబుతూ వచ్చాయి. పాఠం చెప్పకుండా ప్రమాణం చేయించి, ఆ లోటును ఒక్కరోజు డోలు చప్పుడుతో పూడ్చాలని చూస్తున్నారు.

పాఠం చెప్పదలిస్తే విన్నిపెగ్‌లో నల్లా తిప్పితే చాలు. 1919 నుంచి ఆ నగరం తాగే నీరు షోల్ లేక్ నుంచి సుమారు 150 కిలోమీటర్ల కాలువ ద్వారా వస్తుంది. ఆ నిర్మాణం కోసం షోల్ లేక్ 40 అనే ఆదివాసీ సమాజం నివసించే నేలను కాలువ తవ్వి ద్వీపంగా మార్చారు. నగరానికి స్వచ్ఛమైన నీరిచ్చిన ఆ ఊరివారు 1997 నుంచి 2021 వరకు తమ నీటిని కాచుకుని తాగవలసి వచ్చింది. బయటి ప్రపంచానికి ఏడాది పొడవునా తెరిచి ఉండే రోడ్డు వచ్చింది 2019లో. నగరం నిలబడిన నేల 1871 నాటి ఒకటో నంబరు ఒప్పందం కిందిది. దాని ప్రకారం తలకు ఏడాదికి ముట్టే భృతి 5 డాలర్లు, శతాబ్దం దాటినా అదే 5 డాలర్లు. నా మిత్రుడు కొన్న ఇంటి పట్టాకు మూలం ఆ కాగితమే. నిన్న వచ్చినా, మొన్న వచ్చినా, ఆ ఒప్పందపు లాభం అందుకుంటున్న పక్షంలోనే ఉన్నాడు.

క్షమాపణ విలువ మనవారికి తెలియనిదా? 1914లో కొమగాట మారు ఓడను వాంకూవర్ తీరం నుంచి వెనక్కి తరిమినందుకు 2008లో ప్రధాని హార్పర్ సర్రే పార్కులో క్షమాపణ చెబితే, పార్లమెంటులో చెప్పాలని అక్కడి సిక్కు సంఘాలు నిరాకరించాయి. 2016లో ట్రూడో సభలోనే చెప్పాడు. క్షమాపణ ఏ చోట పలకాలో అంత పట్టుబట్టిన భారతీయ సమాజం, పక్కవాడి గాయం దగ్గర "మాకేం సంబంధం" అనడం ఎబ్బెట్టుగా ఉంది.

అయితే ఈ ఉదాసీనత విమానంలో పుట్టినది కాదు, ఇక్కడి నుంచి మోసుకెళ్లినది. 2007లో ఐక్యరాజ్యసమితి ఆదివాసీ హక్కుల ప్రకటనకు కెనడా వ్యతిరేకంగా ఓటేసింది, భారత్ అనుకూలంగా వేసింది. వేసి, మా దేశంలో అందరూ మూలవాసులే అన్నది. అందరూ మూలవాసులైతే ఎవరి భూమీ ఎవరూ లాక్కోనట్టే! ఏజెన్సీలో గిరిజనేతరుల చేతిలోని భూమి గిరిజనుడి నుంచే వచ్చిందని భావించాలని 1970 నాటి 1/70 చట్టం చెబుతుంది. ఆ చట్టాన్ని సడలించాలన్న కోరిక మన రాజకీయంలో ఎన్నడూ చావలేదు. మైదానం నుంచి మన్యానికి పోయి దుకాణం పెట్టి, తరువాత పొలం పట్టినవాడు కూడా "నేను నిన్న వచ్చినవాణ్ణి" అనే అన్నాడు. కెనడాలో వినబడుతున్నది ఆ పాత కంఠమే.

ఆ కార్యక్రమాలు మానేయమనడం లేదు. తమ గాయాన్ని అపరిచితుల ముందు ఏటా మళ్లీ విప్పి చెప్పే ఆ పెద్దల ఓర్పుకు నమస్కారం. నా ఫిర్యాదు వారి భుజం మీద భారం మోపి పక్కకు తప్పుకున్న ప్రభుత్వం మీద, రొట్టె తిని చేతులు కడుక్కునే మనవారి మీద. ఒక పూట ఆ ఒకటో నంబరు ఒప్పందాన్ని తెలుగులో, పంజాబీలో, హిందీలో చదివి వినిపించండి. షోల్ లేక్‌కు ఒక బస్సు వేయండి. తెలుగు సంఘాలు వేదిక మీద గబగబా చదివేసే భూమి గుర్తింపు వాక్యాన్ని ఒకసారి ఆగి, ఆ ఒప్పందంలో ఏముందో చెప్పి ముందుకు సాగవచ్చు.

మిత్రుడికి ఆ రాత్రే తిరిగి ఫోను చేసి, మీ ఇంటి నీళ్లు ఎక్కడివని అడిగాను. "కార్పొరేషన్‌వి" అన్నాడు.