ముందు గాలి, తరువాత ఇసుక, చివరకు బ్లీచింగు

నీటికి రంగు, రుచి, వాసన ఉండవని చిన్న తరగతుల పాఠ్యపుస్తకాలలో చదువుకున్నాము. బదిలీపై కొత్త చోటికి వెళ్లిన ఉద్యోగి కుటుంబానికి ఈ పాఠంపై అనుమానం కలిగేది అక్కడి బోరునీటిని పట్టినప్పుడే. కుళాయి నుంచి పడేటప్పుడు కొబ్బరినీళ్లవలె తేటగా ఉన్న నీరు బకెట్టులో కొంతసేపు నిలిచేసరికి పసుపు తిరుగుతుంది. పొద్దు వాలేసరికి అడుగున ఇటుకపొడి వంటి మడ్డి పేరుకుంటుంది. తెల్ల చొక్కాలు గోధుమరంగుకు మారతాయి. టీ నల్లబడుతుంది. అతిథిగృహంలోని స్నానపు తొట్టిలో వేడినీరు నింపితే పలుచని డికాక్షను పోసినట్లుంటుంది. అస్సాం, త్రిపుర, పశ్చిమ బెంగాల్, ఒడిశా, కేరళ రాష్ట్రాలలో అనేక చోట్ల ఈ బెడద ఉన్నది. పొరుగున ఉన్న బంగ్లాదేశ్‌లోనూ ఇదే పరిస్థితి.

దీనికి కారణం ఇనుము. భూమి పైపొర బరువులో సుమారు 5 శాతం ఇనుమే. గాలి సోకని లోతులలో అది ఫెర్రస్ రూపంలో, నీటిలో ఉప్పు కరిగినట్లు, కంటికి కనబడకుండా కరిగి ఉంటుంది. నీరు పైకి వచ్చి గాలి తగలగానే ప్రాణవాయువుతో కలిసి ఫెర్రిక్ రూపానికి మారుతుంది. ఈ రూపం కరగదు. ఎర్రని నలుసులై విడిపోతుంది. వేడి ఈ మార్పును త్వరపరుస్తుంది. కనుకనే గీజరులోను, వేడినీటి తొట్టిలోను ఎరుపు ముందుగా బయటపడుతుంది.

అయితే ఎరుపంతా భూమి నుంచి వచ్చినదే కానక్కరలేదు. ఉదయం కుళాయి తిప్పగానే ఎర్రనీరు పడి, కొంతసేపటికి తేటబడితే అది గొట్టాల తుప్పు. తేటగా పడిన నీరు నిలిచిన తరువాత ఎర్రబడితే అది నీటిలో కరిగిన ఇనుము. మొదటిదానికి గొట్టాలు మార్చడమే మార్గం. రెండవదానికి నీటిని శుద్ధి చేయాలి. ఇనుము ఉన్నదో లేదో తెలుసుకునేందుకు మన పెద్దల సిరా తయారీ గుర్తు తెచ్చుకుంటే చాలును. కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపి సిరా చేసేవారు. అన్నభేది ఇనుప లవణమే. గాజుగ్లాసులోని నీటిలో చిటికెడు కరక్కాయ పొడి వేసినప్పుడు నీరు నల్లబారితే ఇనుము గణనీయంగా ఉన్నట్లు. టీ నల్లబడడానికి కారణం కూడా ఇదే.

ఇనుము విషమా అని గృహిణులు ఆందోళన చెందడం సహజం. భారత ప్రమాణాల సంస్థ 1991లో తాగునీటిలో లీటరుకు 0.3 మిల్లీగ్రాముల ఇనుమును వాంఛనీయమైన హద్దుగా, వేరే ఆధారం లేనిచోట 1 మిల్లీగ్రామును అనుమతించదగిన హద్దుగా నిర్ణయించింది. 2012 నాటి ప్రమాణానికి 2015లో చేసిన సవరణ ఈ హద్దును 1 మిల్లీగ్రాముగా పేర్కొన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్య కారణాలపై ఇనుముకు హద్దు విధించలేదు, 0.3 మిల్లీగ్రాములు దాటితే బట్టలకు, పింగాణీకి మరకలు పడతాయని మాత్రం చెప్పింది. సాధారణంగా నీటిలో ఉండే మోతాదులో ఇనుము చికాకే గాని విషం కాదు.

అయినా నిర్లక్ష్యం చేయరాదు. అసలు ప్రమాదం మరొక దారిన వస్తుంది. వెయ్యి లీటర్ల తేటనీటికి రెండున్నర గ్రాముల మేలైన బ్లీచింగు పొడి కలపడం వాడుకలో ఉన్న లెక్క. దానివల్ల లీటరుకు సుమారు 0.7 మిల్లీగ్రాముల క్లోరిన్ అందుతుంది. కాని ఒక మిల్లీగ్రాము ఇనుము తాను ఫెర్రిక్‌గా మారేందుకు 0.6 మిల్లీగ్రాములకు పైగా క్లోరిన్‌ను హరిస్తుంది. లీటరుకు 3 మిల్లీగ్రాముల ఇనుము ఉన్న నీటిలో ఈ మోతాదు మొత్తం ఇనుముకే చాలదు. ఇక సూక్ష్మక్రిములను చంపేందుకు మిగిలేదేమిటి? బ్లీచింగు వేశామన్న ధైర్యంతో ఆ కుటుంబం క్రిములున్న నీటినే తాగుతుంది. అందుచేత శుద్ధిలో వస్తువులకన్న వాటి వరుస ముఖ్యమని మా మనవి.

మొదటిది గాలి. నీటిని ట్యాంకులోకి గొట్టంతో నేరుగా వదలక, రంధ్రాల గొట్టం ద్వారా రెండు మూడు అడుగుల ఎత్తునుంచి సన్నని ధారలుగా పడనివ్వాలి. ఒక మిల్లీగ్రాము ఇనుముకు 0.14 మిల్లీగ్రాముల ప్రాణవాయువు సరిపోతుంది గనుక దీనికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. ఆపై రాత్రంతా నిలవనివ్వాలి. నీటిలో ఆమ్లగుణం ఎక్కువైతే మార్పు మందగిస్తుంది. అటువంటి చోట కొద్దిగా సున్నపు తేట మేలు చేస్తుంది. అస్సాం పల్లెలలో అరటి మొదలైన వాటి బూడిదను వాడే పాత పద్ధతిలోని రహస్యం కూడా బూడిదలోని క్షారమే.

రెండవది ఇసుక. ఒక డ్రమ్ములో అడుగున జానెడు గులకరాళ్లు, పైన అడుగున్నర నుంచి రెండడుగుల శుభ్రమైన ఇసుక పోసి, తేరిన నీటిని దానిగుండా వదిలితే మిగిలిన నలుసులు ఆగిపోతాయి. ధార సన్నగిల్లినప్పుడు పై ఇసుకను కడగాలి. మూడవది బ్లీచింగు, ఇనుము పోయిన నీటికే దానిని కలపాలి. తాగేనీటిని కాచి చల్లార్చుకోవడం ఎప్పుడూ మేలే.

వేడినీటి తొట్టికీ ఇదే వరుస. గీజరుకు శుద్ధిచేసిన నీరే వెళ్లాలి. ఆ ఏర్పాటు లేనప్పుడు ముందురోజు సాయంత్రం డ్రమ్ములో పట్టి, ఉదయం పైతేటను మాత్రమే కాచుకోవచ్చును. ఆసుపత్రులలో కీళ్ల వ్యాయామానికి వాడే తొట్లలో ఒకే నీటిని పలుమార్లు వాడతారు గనుక అక్కడ మరింత జాగ్రత్త అవసరం. ఇనుము తీయని నీటికి క్లోరిన్ కలిపితే తొట్టి ఎర్రబడుతుంది, క్లోరిన్ ఖర్చయిపోతుంది, గోరువెచ్చని నీటిలో క్రిములు పెరుగుతాయి.

ఇక మరకల సంగతి. ఎర్రని మరకపై బ్లీచింగు వేస్తే అది మరింత పట్టుకుంటుంది. నిమ్మ ఉప్పు కరిగించిన నీరుగాని, నిమ్మరసంగాని రాసి, కొంతసేపటి తరువాత కడిగితే వదులుతుంది. మొజాయిక్, పాలరాయి గచ్చులపై పులుపు వాడరాదు, రాయి దెబ్బతింటుంది. అన్నింటికన్న ముఖ్యమైన హెచ్చరిక మరొకటి ఉన్నది. బ్లీచింగు పనిచేయలేదని దానిపైనే మరుగుదొడ్లు కడిగే ఆసిడ్ పోయరాదు. రెండూ కలిస్తే విషవాయువైన క్లోరిన్ వెలువడుతుంది. తలుపు మూసిన చిన్న స్నానాలగదిలో అది ప్రాణాంతకం. ఇంట్లో పనిచేసే సహాయకులకు ఈ మాట తప్పక చెప్పవలసినదిగా కోరుతున్నాము.

రంగుపోయిన నీరంతా మంచినీరని భావించడం కూడా పొరపాటే. నల్గొండ ప్రాంతాన్ని దీర్ఘకాలం పీడించిన ఫ్లోరైడుకు రంగు లేదు. పశ్చిమ బెంగాల్‌లో 1983లో వెలుగుచూసిన ఆర్సెనిక్‌కూ రంగు లేదు. ఆర్సెనిక్ ఇనుప మడ్డిని అంటిపెట్టుకుంటుంది గనుక ఆ ప్రాంతాలలో ఇసుక కడిగిన నీటిని చెరువులోగాని కూరపాదులకుగాని వదలరాదు. కొత్త చోట కాపురం పెట్టగానే నీటిని ప్రయోగశాలలో పరీక్ష చేయించి, ఇనుముతోపాటు ఈ రెండింటి పరిమాణం కూడా తెలుసుకోవాలి. కాలనీకంతటికీ ఒకే బోరు అయితే ఆ పరీక్ష ఫలితాన్ని అందరికీ కనబడేలా సూచనల బోర్డుపై ఉంచమని నీటి సరఫరా విభాగాన్ని కోరడం సభ్యుల హక్కు. ఒక్క ఇంటివారు అడిగినా పదిళ్లకు మేలు జరుగుతుంది.